తుఫాను దెబ్బతిన్న మత్స్యకార గ్రామాల కోసం సేవాసంస్థ పెట్టాలనుకుంటున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

మన తీరంలో తుఫాను వచ్చిన ప్రతిసారీ నాకు ఫోన్లు వస్తాయి. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు, వైజాగ్ కాలేజీ పిల్లలు, అమెరికాలో స్థిరపడిన శ్రీకాకుళం వాళ్ళు చేస్తారు. మత్స్యకారులకు ఏదైనా చేయాలని ఉంది, సంస్థ పెట్టాలంటే ఎలా అని అడుగుతారు. 2014లో హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక మేం కొందరు మిత్రులం ఒక చిన్న సంస్థ పెట్టుకున్నాం. ఉత్తరాంధ్ర తీరంలో ఇప్పటికీ పనిచేస్తున్నాం. అప్పటి నుంచి పదేపదే వింటున్న సందేహాలకు జవాబులు ఇక్కడ రాశాను. మీకు అవసరమైన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

అసలు కొత్త సంస్థ అవసరమా? ఇప్పటికే ఉన్నవాళ్ళకి డబ్బిస్తే సరిపోదా?

చాలామందికి అదే సరిపోతుంది. ఈ ఒక్క తుఫానుకు సాయం చేయాలన్నదే మీ ఉద్దేశమైతే, ఆ ఊళ్ళలో ముందునుంచీ తిరుగుతున్న సంస్థను వెతికి వాళ్ళకి ఇవ్వండి. మీ రిజిస్ట్రేషన్, బ్యాంకు ఖాతా, పన్ను కాగితాలు పూర్తయ్యేసరికి నెలలు గడిచిపోతాయి. ఈలోగా మత్స్యకారుడు వడ్డీకి తెచ్చి పడవ బాగుచేయించుకుని ఉంటాడు. ఒక తీర ప్రాంతాన్ని పట్టుకుని కనీసం ఐదేళ్ళు ఉండగలమని, తుఫాను లేని ఏడాది కూడా అక్కడికి వెళ్తామని నమ్మకం ఉంటేనే కొత్త సంస్థ పెట్టండి.

ప్రభుత్వం సాయం చేస్తోంది కదా, ఇక మనం చేసేదేముంటుంది?

ఈ ప్రశ్నకు జవాబు తేలితే మీ సంస్థ ఏం చేయాలో కూడా తేలిపోతుంది.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్కల్లోనే సుమారు పదివేల మంది పోయారు. 1996 నవంబరు 6 నాటి కోనసీమ తుఫానులో భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్ళ నుంచి వేటకు వెళ్ళిన మగవాళ్ళు ఎంతోమంది తిరిగి రాలేదు. అప్పటికీ ఇప్పటికీ చాలా మారింది. వాతావరణ శాఖ రోజుల ముందే చెబుతోంది, తుఫాను షెల్టర్లు ఉన్నాయి, అధికారులు ఊళ్ళు ఖాళీ చేయిస్తున్నారు. మనుషుల్ని కాపాడటంలో ప్రభుత్వం నిజంగా ఎంతో ముందుకు వచ్చింది. బియ్యం, పప్పు, నూనె కూడా మొదటి వారంలోనే అందుతున్నాయి.

కానీ మనిషిని బస్సెక్కించి షెల్టరుకు తీసుకెళ్ళినట్టు పడవని తీసుకెళ్ళలేరు. ఒడ్డున ఎంత పైకి లాగి కట్టినా ఉప్పెన వస్తే పడవలు ఒకదానికొకటి కొట్టుకుని పగిలిపోతాయి. ఇంజను ఉప్పునీళ్ళు తాగుతుంది, వల ఇసుకలో కూరుకుపోతుంది. 2022–26 కాలానికి కేంద్రం ఖరారు చేసిన విపత్తు సాయం లెక్కల్లో పూర్తిగా పోయిన పడవకు 15,000 రూపాయలు, పూర్తిగా పోయిన వలకు 4,000 రూపాయలు. రాష్ట్రం ఒక్కోసారి దానికి కొంత కలుపుతుంది. ఇంజనుతో సహా ఒక ఫైబర్ తెప్ప కొనాలంటే మాత్రం లక్షల్లో పని. మధ్యలో మిగిలే ఆ తేడాని షావుకారు పూడుస్తాడు. అతని దగ్గర తీసుకున్నందుకు చేపలన్నీ అతనికే, అతను చెప్పిన ధరకే పోయాలి. ఆ కట్టు నుంచి బయటపడటానికి ఏళ్ళు పడుతుంది.

మీ సంస్థకు పని ఉన్నది ఆ మధ్య దూరంలోనే. కుటుంబం కొత్త అప్పు చేయకుండా, వీలైనంత త్వరగా మళ్ళీ వేటకు వెళ్ళగలగాలి. మేం ఏ ఖర్చు పెట్టేముందైనా అది ఆ పనికి వస్తుందా రాదా అని చూస్తాం.

మాది సముద్రం లేని ఊరు. వాళ్ళ గురించి మాకేమీ తెలియదు. ఫర్వాలేదా?

ఫర్వాలేదు, నేర్చుకునేంత ఓపిక ఉంటే చాలు. తెల్లవారుజామున పడవలు ఒడ్డుకు చేరే వేళకు వెళ్ళి కూర్చోండి. చేప ఎవరు దించుతున్నారు, వేలం పాట ఎవరు పాడుతున్నారు, డబ్బు ఎవరి చేతిలోకి వెళ్తోంది, ఏ ఆడవాళ్ళు గంపలెత్తుకుని బస్సెక్కుతున్నారు చూడండి. వాటాల లెక్క అడిగి తెలుసుకోండి. డీజిల్, ఐసు ఖర్చులు పోగా మిగిలినదాన్ని పడవకింత, వలకింత, మనిషికింత అని పంచుకుంటారు. ఊరూరికీ ఈ లెక్క మారుతుంది.

మత్స్యకారులంటే ఒకే కులం, ఒకే పద్ధతి అనుకోవద్దు. ఉత్తరాన జాలరులు, వాడబలిజలు, గోదావరి, కృష్ణా తీరాల్లో అగ్నికుల క్షత్రియులు, నెల్లూరు వైపు పట్టపువారు ఉంటారు. ఊరికి కుల పెద్దలుంటారు, వాళ్ళ మాటకు, ఊరి కట్టుబాటుకు బలం ఉంటుంది. పెద్దల్ని కలవకుండా పని మొదలుపెట్టకండి. అలాగని పెద్దల మాట ఒక్కటే విని కూడా మొదలుపెట్టకండి.

ఒకేసారి ఎన్ని ఊళ్ళు తీసుకోవాలి?

ఒకటి. బాగా నడిస్తే రెండో ఏడాది పక్క ఊరు. పదిహేను ఊళ్ళలో తలా ఒక దుప్పటి పంచితే పేపర్లో ఫోటో వస్తుంది, కానీ ఒక్క పడవ కూడా నీళ్ళలోకి దిగదు.

## రిజిస్ట్రేషన్, కాగితాలు

ట్రస్టు పెట్టాలా, సొసైటీ పెట్టాలా, లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీ పెట్టాలా?

మూడూ చెల్లుతాయి. ట్రస్టు అన్నిటికన్నా తేలిక. ట్రస్టు డీడ్ రాయించుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయిస్తే చాలు. సొసైటీకి 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, కార్యవర్గం వివరాలు, లెక్కలు రిజిస్ట్రార్‌కు పంపాలి. 2013 కంపెనీల చట్టం కింద వచ్చే సెక్షన్ 8 సంస్థను ఇద్దరితో కూడా పెట్టవచ్చు. కంపెనీల నుంచి పెద్ద నిధులు తెచ్చే ఆలోచన ఉంటే అది నప్పుతుంది, కాకపోతే ఏటా చేయాల్సిన కాగితాల పని ఎక్కువ.

నన్ను అడిగితే, ఊరి వాళ్ళకి నిర్ణయాల్లో ఓటు ఉండాలనుకుంటే సొసైటీ మంచిది. ట్రస్టులో అధికారం ట్రస్టీల దగ్గరే ఉండిపోతుంది.

బోర్డులో ఎవరుండాలి?

లెక్కలు తెలిసినవాళ్ళు ఒకరు, తీరంలో పనిచేసిన అనుభవం ఉన్నవాళ్ళు ఒకరు, ఆ ఊరి నుంచి కనీసం ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరు చేపలమ్మే మహిళ అయితే మంచిది. పడవ యజమానుల్ని మాత్రమే తీసుకుంటే కూలీకి వెళ్ళే కలాసీల కష్టం మీ దాకా రాదు. ఒకే ఇంటివాళ్ళు ముగ్గురు నలుగురు కూర్చుంటే తర్వాత దాతలకు అనుమానం వస్తుంది. వాళ్ళు అనుమానించడం న్యాయమే.

రిజిస్ట్రేషన్ కాకముందే తుఫాను వచ్చేసింది. నా ఫోన్‌పేకి డబ్బు వేయించుకోవచ్చా?

వద్దు. మీ సొంత ఖాతాలో లక్షలు పడితే అది మీ ఆదాయం కాదని రేపు పన్ను శాఖకు మీరే నిరూపించుకోవాలి. ఎవరైనా లెక్క అడిగితే మంచి ఉద్దేశంతో చేసిన పనికి కూడా చెడ్డపేరు వస్తుంది. రెండు దారులున్నాయి. ఇప్పటికే రిజిస్టరైన సంస్థతో కాగితం రాసుకుని, విరాళాలు వాళ్ళ ఖాతాలో వేయించి, పని మీరు దగ్గరుండి చేయించవచ్చు. లేదా ఇచ్చేవాళ్ళే నేరుగా మెకానిక్ బిల్లు, వలల షాపు బిల్లు కట్టేలా ఏర్పాటు చేయవచ్చు. రెండోది మేం చేశాం. నెమ్మదిగా సాగింది కానీ ఎవరికీ ఏ సందేహమూ రాలేదు.

12ఏ, 80జీ అంటే ఏమిటి? మొదటి రోజే కావాలా?

12ఏ అని అందరూ పిలిచేది మీ సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చే రిజిస్ట్రేషన్. 80జీ మీకు విరాళం ఇచ్చినవాళ్ళకి మినహాయింపు ఇస్తుంది. కొత్త సంస్థలకు ముందు మూడేళ్ళకు తాత్కాలికంగా ఇస్తారు, పని మొదలయ్యాక పూర్తిస్థాయి రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేసుకోవాలి. సంస్థ పుట్టిన వెంటనే రెండింటికీ కలిపి వేసేయండి.

దాతలకు రెండు సంగతులు ముందే చెప్పండి. 2,000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే ఈ మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్ళకి కూడా రాదు. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది, దాంట్లో సెక్షన్ల నంబర్లు వేరు. రసీదు పుస్తకం అచ్చువేయించే ముందు ఆడిటర్‌ను ఒకసారి అడగండి.

## డబ్బు

అమెరికాలో మా అన్నయ్య పదివేల డాలర్లు పంపిస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

ముందు ఆయన పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. ఇండియన్ పాస్‌పోర్టే ఉండి, తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు కాపీ తీసుకుని ఫైల్లో పెట్టుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, మీ సొంత అన్నయ్య అయినా సరే, చట్టం దృష్టిలో అది విదేశీ విరాళమే. అక్కడి తెలుగు సంఘం పంపినా అంతే.

విదేశీ విరాళం తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి ఉండాలి. దానికి సంస్థ పెట్టి మూడేళ్ళు కావాలి, ఆ మూడేళ్ళలో అసలు పని మీద కనీసం 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి. అనుమతి వచ్చాక ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఖాతా తెరిచి, ఆ ఖాతాలోకే తీసుకోవాలి. 2020 సవరణ తర్వాత అనుమతి ఉన్న సంస్థ ఆ డబ్బును ఇంకో సంస్థకు బదిలీ చేయడానికి కూడా వీల్లేదు. అందుకే వాళ్ళ ఖాతాలో వేయించుకుని మన ఖాతాకు మార్చుకుందామనే ఆలోచన మానుకోండి. కొత్త సంస్థలకు ఒక నిర్దిష్ట దాత నుంచి, ఒక నిర్దిష్ట పనికి ముందస్తు అనుమతి అడిగే దారి ఉంది. సమయం పడుతుంది, ఓపికపట్టాలి.

ఈ విషయంలో తెలియక తప్పు చేసి ఏళ్ళ తరబడి టెన్షన్ పడినవాళ్ళని దగ్గరగా చూశాను. అన్నయ్యకి వివరంగా చెప్పండి. ఇప్పటికే అనుమతి ఉండి ఆ తీరంలో పనిచేస్తున్న మరో సంస్థకు ఆయన్నే నేరుగా పంపమనండి.

కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు వస్తుందా?

వస్తుంది. విపత్తు సాయం, పునరావాసం, పునర్నిర్మాణం సీఎస్ఆర్ జాబితాలో ఉన్నవే. అయితే మీకు పన్ను రిజిస్ట్రేషన్లు రెండూ ఉండాలి, సీఎస్ఆర్-1 ఫారం నింపి నంబరు తెచ్చుకోవాలి, ఇలాంటి పనిలో మూడేళ్ళ అనుభవం చూపించాలి. మొదటి మూడేళ్ళు మీ స్నేహితులు, బంధువులు, ఊరివాళ్ళే మీ దాతలు. ఆ మూడేళ్ళ లెక్కలు శుభ్రంగా ఉంచుకుంటే తర్వాత కంపెనీల తలుపు తట్టవచ్చు.

వచ్చిన డబ్బంతా పంచేయాలా? జీతాలిస్తే జనం తప్పుపడతారేమో?

ఊళ్ళో ఉండి పనిచేసే ఒక మనిషికి జీతం ఇవ్వండి, సంకోచం వద్దు. వారాంతాల్లో వెళ్ళొచ్చే వాలంటీర్లు ఎంత మంచివాళ్ళైనా, బుధవారం మధ్యాహ్నం తహసీల్దారు ఆఫీసు ముందు ఒక వితంతువుతో పాటు నిలబడలేరు. విరాళం అడిగేటప్పుడే ఇంత జీతాలకు, ఇంత ప్రయాణాలకు అని చెప్పేస్తే ఎవరూ తప్పుపట్టరు.

## తుఫాను వచ్చిన మొదటి రోజులు

పాత బట్టలు సేకరించి తీసుకెళ్దామనుకుంటున్నాం. మంచిదేనా?

వద్దు. 2004 సునామీ తర్వాత పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉండటం తీరం అంతా చూసింది. వాడేసిన చీరలు చేతిలో పెడితే ఇల్లు పోయిన ఆడమనిషికి ఎలా ఉంటుందో ఒక్క నిమిషం ఆలోచించండి. కష్టపడి బతికేవాళ్ళు వాళ్ళు, ఎప్పుడూ చేయి చాచినవాళ్ళు కాదు. బట్టలే ఇవ్వాలనిపిస్తే కొత్తవి కొనివ్వండి.

మరి మొదటి వారంలో ఏం తీసుకెళ్ళాలి?

మెకానిక్‌లను తీసుకెళ్ళండి. ఈ సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఉప్పునీళ్ళలో మునిగిన ఇంజనును రెండు మూడు రోజుల్లో విప్పి, మంచినీళ్ళతో కడిగి, ఆయిల్ మార్చి ఆరబెడితే చాలాసార్లు బతుకుతుంది. వారం వదిలేస్తే తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. స్టార్ట్ అవుతుందేమోనని తిప్పి చూస్తే ఇంకా పాడవుతుంది. మేం మొదటిసారి బియ్యం లారీతో వెళ్ళాం. బియ్యం అప్పటికే వచ్చి ఉంది. ఒడ్డున ఇంజన్లు ఒక్కొక్కటే తుప్పు పడుతుంటే మా కళ్ళ ముందే ఉన్నా ఏం చేయాలో మాకు తట్టలేదు. నాలుగు వేల రూపాయల పనితో నిలబడాల్సిన ఇంజన్లకు తర్వాత కొత్తవి కొనాల్సివచ్చింది. ఆ ఒడ్డు ఇప్పటికీ నా కళ్ళ ముందు మెదులుతుంది.

2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం తీరాన్ని కొట్టినప్పుడు ఇద్దరు మెకానిక్‌లు, స్పానర్ల పెట్టె, ఇంజన్ ఆయిల్ డబ్బాలు, మంచినీళ్ళ డ్రమ్ములతో వెళ్ళాం. పెట్టిన ఖర్చుకు దక్కిన ఫలితం చూస్తే మా సంస్థ చేసిన పనులన్నిటిలోకి అదే గొప్పది. ఫైబర్ పడవ పగుళ్ళకు రెజిన్, ఫైబర్ మ్యాట్, అతికే పని తెలిసిన మనిషి కూడా కావాలి. అయితే పడవ బాగా ఆరాకే ఆ పని పట్టుకోవాలి.

వీటితో పాటు తాగునీళ్ళు, బావుల్లో ఉప్పునీళ్ళు తోడటానికి పంపుసెట్టు, చార్జింగ్ కోసం చిన్న జనరేటర్.

సాయం ఎవరికివ్వాలి? జాబితా ఎలా తయారుచేయాలి?

ఎవరో రాసిచ్చిన జాబితాను పట్టుకుని పంచకండి. పడవ యజమాని పేరు ప్రతి జాబితాలో ఉంటుంది, ఎందుకంటే పడవ కళ్ళకు కనిపిస్తుంది. ఆ పడవ మీద బతికే నలుగురైదుగురు కలాసీల పేర్లు ఉండవు. శ్రీకాకుళం జిల్లా నుంచి చాలామంది గుజరాత్‌లోని వీరావళ్‌కు, చెన్నైకి, మంగళూరుకు వేటకు వెళ్తారు. మీరు వెళ్ళిన రోజు వాళ్ళు ఊళ్ళో ఉండరు, వాళ్ళ ఇల్లు పడిపోయి ఉంటుంది. ఒంటరి ఆడవాళ్ళు, ఎండు చేపలు అమ్మే ముసలివాళ్ళు, ఒడ్డున నిలబడి అలివి వల లాగడానికి మాత్రమే వెళ్ళేవాళ్ళు కూడా జారిపోతారు.

మేం పడవల వారీగా అడుగుతాం. ఈ పడవ ఎవరిది, ఎవరెవరు వెళ్తారు, వల ఎవరిది, చేప ఎవరమ్ముతారు? ఒక్క పడవతో ఆరేడు కుటుంబాలు బయటపడతాయి. తర్వాత పడవ లేని ఇళ్ళకు విడిగా వెళ్తాం. పూర్తయిన జాబితాను రామాలయం దగ్గరో, గంగమ్మ గుడి దగ్గరో అందరి ముందూ చదివిస్తాం. అభ్యంతరాలన్నీ అక్కడే వస్తాయి, అక్కడే తేలిపోతాయి.

వేటకు వెళ్ళిన మనిషి గల్లంతయ్యాడు. శవం దొరకలేదు. ఆ కుటుంబానికి మేం ఎలా తోడుండగలం?

విపత్తులో మరణానికి ప్రభుత్వం ఇచ్చే 4 లక్షల సాయానికి మరణ ధృవీకరణ కావాలి. శవం దొరకకపోతే మామూలు చట్టం ప్రకారం ఏడేళ్ళు గడిచాకే చనిపోయినట్టు భావిస్తారు. ఆ ఏడేళ్ళూ ఆమె భార్యా కాదు, వితంతువూ కాదు. పింఛను రాదు, బీమా రాదు. గుమ్మం వైపు చూస్తూ పిల్లల్ని పెంచుతుంది.

మీరు చేయగలిగింది ఉంది. మొదటి వారంలోనే పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు నమోదు చేయించండి. పడవ రిజిస్ట్రేషన్, ఆ రోజు పడవలో ఉన్నవారి పేర్లు, చివరిసారి చూసిన పక్క పడవల వాళ్ళ వాంగ్మూలం, పంచాయతీ తీర్మానం అన్నీ ఒకే ఫైల్లో పెట్టండి. 2017లో ఓఖీ తుఫాను తర్వాత కేరళ, తమిళనాడు ప్రభుత్వాలు ఏడేళ్ళు ఆగకుండానే గల్లంతైనవారి కుటుంబాలకు పరిహారం ఇచ్చాయి. ఆ ఉదాహరణ చూపించి కలెక్టరుకు అర్జీ పెట్టించండి. ప్రమాద బీమా కూడా అడగండి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద పేరు నమోదైన మత్స్యకారులకు ప్రమాద మరణానికి 5 లక్షల బీమా ఉంది, ప్రీమియం ప్రభుత్వాలే కడతాయి.

## మళ్ళీ వేటకు

కొత్త పడవలు కొనిద్దామనుకుంటున్నాం. మంచి ఆలోచనేనా?

బాగుచేయగలిగినవన్నీ బాగుచేశాక ఆలోచించండి. సునామీ తర్వాత దాతలు పోటీపడి పడవలిచ్చారు. తమిళనాడు తీరంలో కొన్నిచోట్ల పోయినవాటికన్నా వచ్చినవే ఎక్కువయ్యాయి. హడావిడిగా తయారైన నాసిరకం ఫైబర్ పడవలు కొద్దికాలానికే పనికిరాకుండా పోయాయి. చేపలు పెరగకుండా పడవలు పెరిగితే ఒక్కొక్కరికీ దక్కేది తగ్గిపోతుంది.

కొనితీరాలంటే ఒక్కరికి కాకుండా కలిసి వేటకు వెళ్ళే బృందానికి ఇవ్వండి. పడవ ఎక్కడ కట్టించాలో వాళ్ళనే తేల్చుకోనివ్వండి, యార్డుకు వాళ్ళే వెళ్ళి చూసుకోవాలి. అల తన్నే ఒడ్డున దించే పడవ వేరు, ఉప్పుటేరులో కట్టేసే పడవ వేరు.

వలలు టోకున కొని పంచవచ్చా?

మేం ఒకసారి ఆ పనే చేశాం. మంచి కంపెనీ వలలే కొన్నాం, మంచి ధరకే వచ్చాయి. ఆరు నెలల తర్వాత వెళ్ళి చూస్తే సగం ఇళ్ళలో అటక మీద కట్టలు విప్పకుండానే ఉన్నాయి. వల కన్ను ఆ ఊరి వేటకు సరిపోలేదు. కవళ్ళ చేపలకు ఒక వల, చందువాలకు ఇంకొకటి, వంజరానికి మరొకటి కావాలి. ఏ నెలలో ఏది వేస్తారో కూడా తెలియాలి.

ఇందులో గొడవల ప్రమాదం కూడా ఉంది. 2020లో చీరాల దగ్గర వాడరేవు, కఠారివారిపాలెం మధ్య ఐల వల, బల్ల వల విషయంలో ఊళ్ళు ఊళ్ళే కొట్లాటకు దిగాయి. 2022 జనవరిలో విశాఖలో రింగు వలల మీద అలాంటి గొడవే జరిగింది. పక్క ఊరి కట్టుబాటు ఒప్పుకోని వల మీరు తెచ్చి చేతిలో పెడితే ఆ నిప్పు మీరు పెట్టినట్టే.

ఇప్పుడు మేం షాపుతో మాట్లాడి కూపన్ ఇస్తాం. వల, తాడు, వలను తేల్చే బెండ్లు, ముంచే గుండ్లు ఎవరికి కావలసినవి వాళ్ళే ఎంచుకుంటారు. వల కట్టడం వాళ్ళకి వచ్చిన విద్యే, ఆ పనికి రోజుకూలీ కూడా లెక్కలో కలుపుతాం.

షావుకారు అప్పు మేం తీర్చేయవచ్చా?

మొత్తం తీర్చాలని చూడకండి. షావుకారు అప్పులిచ్చేవాడు మాత్రమే కాదు. చేప కొనేది, ఐసు ఇచ్చేది, అర్ధరాత్రి ఆసుపత్రికి డబ్బు సర్దేది కూడా అతనే. మీరు అప్పు కట్టేసి వెళ్ళిపోతే మర్నాడు ఆ అవసరాలకు ఎవరున్నారు? ముందు కొత్త అప్పు పుట్టకుండా చూడండి. తర్వాత మహిళా పొదుపు సంఘాల ద్వారా, మత్స్యకారులకూ ఇస్తున్న కిసాన్ క్రెడిట్ కార్డు ద్వారా బ్యాంకు దారి చూపించండి.

ఆడవాళ్ళకు ఏం చేయవచ్చు? వాళ్ళు పడవ ఎక్కరు కదా?

పడవ ఎక్కరు, కానీ చేపను డబ్బుగా మార్చేది వాళ్ళే. తుఫానులో వాళ్ళకు పోయేవి గంపలు, ఐస్ పెట్టెలు, తూకం, ఎండబెట్టిన చేపల నిల్వ, చేతిలో తిరిగే రెండు మూడు వేల పెట్టుబడి. నష్టాల అంచనా ఫారంలో పడవకు, వలకు గడి ఉంటుంది. ఎండు చేపల నిల్వ గురించి అడిగే గడి నేను చూడలేదు. మీ ఫారంలో పెట్టండి. రోజువారీ వడ్డీకి తెచ్చుకునే ఆ పెట్టుబడి మీరిస్తే వారంలో సంపాదన మొదలవుతుంది. ఇసుక మీద కాకుండా చేపలు ఆరబెట్టుకునే ఎత్తైన తడికెలు కట్టించి ఇస్తే సరుకు శుభ్రంగా ఉండి ధర కూడా పెరుగుతుంది.

వేట నిషేధం నెలల్లో మన పని ఆపేయాలా?

అసలు పని అప్పుడే చేయాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలు వేటకు వెళ్ళవు. మగవాళ్ళు ఊళ్ళో ఉంటారు, మాట్లాడటానికి తీరిక ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ కాలానికి ఇచ్చే భృతి 2025లో 20,000 రూపాయలకు పెరిగింది. అది ఎవరికి రాలేదో, ఎందుకు రాలేదో ఆ నెలల్లో ఇంటింటికీ తిరిగితే తెలుస్తుంది. చాలాసార్లు కారణం చిన్నదే, పడవ రిజిస్ట్రేషన్‌లో కలాసీగా పేరు లేకపోవడమో, ఆధార్‌కు బ్యాంకు ఖాతా కలవకపోవడమో.

## ఏడాది తర్వాత, వచ్చే తుఫానుకు ముందు

తుఫాను లేనప్పుడు మా సంస్థ ఏం చేయాలి?

పడవలన్నిటికీ ఆన్‌లైన్‌లో రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. నంబరు లేని పడవ పోతే ప్రభుత్వ లెక్కలో అది అసలు లేనట్టే. ప్రతి పడవ, ఇంజను, వల ఫోటోలు తేదీతో తీసి పెట్టండి. ఆధార్, పాస్‌బుక్, రిజిస్ట్రేషన్ కాగితాలకు నీళ్ళు పోని సంచి ప్రతి ఇంటికీ ఇవ్వండి. లైఫ్ జాకెట్లు, పడవలు పైకి లాగడానికి గట్టి తాళ్ళు, ఇంజను దించి భద్రపరచడానికి ఎత్తైన గది కూడా చూడండి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ పంపే సముద్ర హెచ్చరికలు ఊళ్ళో ఎవరి ఫోన్‌కు వస్తున్నాయో, వాళ్ళు మిగతావారికి ఎలా చెబుతున్నారో సరిచూడండి. తుఫాను షెల్టరు తాళం ఎవరి దగ్గరుందో సెప్టెంబరులోనే కనుక్కోండి.

తీరానికి దూరంగా పక్కా ఇళ్ళు కట్టించి ఇస్తే బాగుంటుంది కదా?

దూరం ఎంత అన్నదే ప్రశ్న. సముద్రం కనిపించని చోట ఇల్లిస్తే పడవకు కాపలా ఎవరుంటారు, గాలి మారిందని ఎలా తెలుస్తుంది? కొంతమంది ఆ ఇళ్ళకు తాళం వేసి మళ్ళీ ఒడ్డున గుడిసె వేసుకుంటారు. ఉప్పాడ లాంటి చోట్ల సముద్రం ఊరిని కోసేస్తోంది, అక్కడ కదలక తప్పదు. ఏదైనా ఊరివాళ్ళనే స్థలం చూపించమనండి, తీర నియంత్రణ నిబంధనలు తెలిసిన ఇంజనీరును వెంట తీసుకెళ్ళండి. కొత్త సంస్థ మొదటి మూడేళ్ళలో ఇళ్ళ జోలికి వెళ్ళకపోవడమే మేలని నా అభిప్రాయం.

దాతలకు ఫోటోలు పంపాలి కదా, ఎలాంటివి తీయాలి?

ఏడుస్తున్న మొహాలు వద్దు. చేయి చాచిన ఫోటో అసలే వద్దు. బాగైన ఇంజను, నీళ్ళలోకి దిగుతున్న పడవ, ఒడ్డున చేపల బుట్ట తీయండి. మనుషులు కనిపించే ఫోటో అయితే ముందు అడగండి. తర్వాత ఒక కాపీ వాళ్ళకీ ఇవ్వండి.

ఎప్పుడైనా సంస్థను మూసేయాల్సి వస్తే?

ట్రస్టు డీడ్‌లోనో, సొసైటీ నియమావళిలోనో దీని గురించి మొదట్లోనే రాసుకోవాలి. మిగిలిన ఆస్తి సభ్యులు పంచుకోవడానికి వీల్లేదు, అలాంటి పనే చేసే మరో సంస్థకు వెళ్ళాలి. మూసేముందు బాకీ ఉన్న బిల్లులన్నీ కట్టండి, ఆఖరి ఆడిట్ చేయించండి. ఇన్నేళ్ళుగా రాసిన పడవల జాబితా, ఫోటోలు, గల్లంతైనవారి ఫైళ్ళు ఊరి పెద్దలకు, మహిళా సంఘానికి ఒక్కో సెట్టు ఇచ్చి సంతకం తీసుకోండి. వచ్చే అక్టోబరులో ఎవరు సాయానికి వచ్చినా ఆ ఫైళ్ళు వాళ్ళకి పనికొస్తాయి.